బండిలో ఎలుకలు పడ్డాయా? కంగారు పడకండి

సందేహాలు - సమాధానాలు

యాసంగి కోతలు ముగిసి వడ్లు కల్లాల నుంచి ఇళ్లకూ కొనుగోలు కేంద్రాలకూ చేరే రోజుల్లో పొలాల్లోని ఎలుకలు కూడా ఊళ్లోకి దారిపడతాయి. ధర్మపురి నుంచి, గోదావరికి ఇరువైపులా ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పుకున్నాయి: రాత్రి బాగున్న బండి పొద్దున కదల్లేదని, బానెట్ ఎత్తితే వైర్లు కొరికి ఉన్నాయని. వాహనాల ఎలక్ట్రికల్ నిపుణుడిగా ఒక్కొక్కరికీ జవాబిస్తున్నాను.

ఇంజిన్ మొత్తం పోయినట్టేనా?

రాత్రి జగిత్యాల నుంచి వచ్చి కారు ఇంటి ముందు పెట్టాను. పొద్దున తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. బానెట్ కింద రెండు వైర్లు తెగి రాగి కనిపిస్తోంది. కారు కొని ఏడాది కూడా కాలేదు.
- ఉపాధ్యాయుడు, ధర్మపురి

మీ ఇంజిన్‌కు ఏమీ కాలేదు, స్థిమితపడండి. ఎలుక కొరికేది వైరు మీది ప్లాస్టిక్ తొడుగును, మెత్తని రబ్బరు గొట్టాలను. ఇంజిన్ లోపలి భాగాల దాకా అది వెళ్లలేదు. ఇంజిన్ తిరుగుతూ అందుకోవడం లేదంటే ఇంధనం చల్లే ఇంజెక్టర్‌కో, ఏదైనా సెన్సార్‌కో వెళ్లే వైరు తెగి ఉంటుంది. సాధారణంగా ఒక్క రోజులో బాగయ్యే పని ఇది. అయితే తాళం మళ్లీ మళ్లీ తిప్పకండి, తేలిన తీగలు ఒకదానికొకటి తగిలితే ఫ్యూజులు పోతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కొరికిన చోట్ల ఫొటోలు తీసి, ఎలక్ట్రీషియన్‌ను ఇంటికే పిలవండి.

పసుపు దీపం ఆరడం లేదు

కొరికిన వైర్లు మెకానిక్ బాగుచేశాడు. అయినా ఇంజిన్ గుర్తు పసుపు రంగులో వెలుగుతూనే ఉంది. మా అత్తమ్మను వారం వారం కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దారిలో మంటలు వస్తాయేమోనని భయం.
- గృహిణి, రాయపట్నం

దీపం కదలకుండా వెలుగుతూ, బండి మామూలుగా లాగుతుంటే మీరు భయపడాల్సినంత పని లేదు. వైరు అతికాక కూడా పాత లోపం బండి కంప్యూటర్‌లో కొన్నాళ్లు నిలిచి ఉంటుంది. స్కానర్‌తో చెరిపిస్తే పోతుంది, మళ్లీ వెలిగితే దొరకని వైరు ఇంకొకటి ఉందని అర్థం. పెట్రోలు లేదా డీజిల్ వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన, ఇంజిన్ గుర్తు ఆగి ఆగి మెరవడం, ఇంజిన్ వేడి ఎర్రగీత దాటడం - ఈ నాలుగింటిలో ఏది జరిగినా మాత్రం వెంటనే ఆపాలి. పక్కకు తీసి, ఇంజిన్ కట్టేసి, అత్తమ్మను దింపి దూరంగా కూర్చోబెట్టాకే సాయానికి ఫోన్ చేయండి.

బ్రేకులు పడతాయా?

బడి పిల్లల వ్యాను నడుపుతాను. ఎలుకలు చక్రం దగ్గర సన్నని వైరు కొరికాయి. అప్పటి నుంచి ఏబీఎస్ దీపం వెలుగుతోంది. బ్రేకులు పడవేమోనని రాత్రుళ్లు నిద్ర రావడం లేదు.
- వ్యాను డ్రైవరు, వెల్గటూర్

ఆ వైరు తెగినంత మాత్రాన బ్రేకులు పోవు. పెడల్ తొక్కితే చక్రాన్ని పట్టుకునేది బ్రేక్ ఆయిల్ ఒత్తిడి. ఆ వైరు చక్రం వేగాన్ని కొలిచి, గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా కాపాడుతుంది. ఆ కాపుదల లేని బండి తడి రోడ్డు మీద, కంకర మీద జారవచ్చు కనుక బాగయ్యేదాకా పిల్లల్ని ఎక్కించకపోవడమే మంచిది. ఎర్రటి బ్రేకు గుర్తు వెలిగినా, పెడల్ మెత్తగా లోపలికి దిగినా, చక్రం లోపలి వైపు ఆయిల్ చెమ్మ కనిపించినా ఖాళీ బండిని కూడా కదిలించకండి.

మా బండినే ఎందుకు కొరుకుతున్నాయి?

మా వాడకట్టులో చాలా కార్లున్నాయి. ఎలుకలు మా బండి మీదే పడుతున్నాయి. ఎవరైనా కావాలని చేస్తున్నారేమోనని ఇంట్లో గొడవ. వడ్ల బస్తాలు, బండి ఒకే కొట్టంలో ఉంటాయి.
- రైతు, బుగ్గారం

ఎవరినీ అనుమానించకండి, కారణం మీ కొట్టంలోనే ఉంది. బస్తాల్లో తిండి, పక్కనే ఆగిన బండిలో చీకటి, వెచ్చదనం, పిల్లికి అందని చోటు - ఎలుకకు కావాల్సినవన్నీ అక్కడే దొరుకుతున్నాయి. దాని ముందరి పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి నాలుగైదు అంగుళాల చొప్పున. అందుకే ఆకలి లేకపోయినా ఏదో ఒకటి కొరికి వాటిని అరగదీస్తుంది. బస్తాలను గోడకు ఎడంగా చెక్కల మీద పేర్చండి, బండిని కొట్టం బయట పెట్టండి. ఎలుక మూత్రపు వాసన పట్టుకుని మిగతావి వస్తాయి కాబట్టి ఇంజిన్ గదిని తడిగుడ్డతో శుభ్రంగా తుడిపించండి. పైపుతో నీళ్లు కొడితే కనెక్టర్లు పాడవుతాయి.

నేనేం తప్పు చేశాను?

మా అబ్బాయి దుబాయిలో ఉంటాడు. వాడు వచ్చినప్పుడు తిరిగే కారు మిగతా రోజులన్నీ కవరు కప్పి రేకుల షెడ్డులో ఉంటుంది. ఈసారి కవరు తీస్తే ఇంజిన్ మీద గడ్డి, గోనె పీచు, ఎలుక పిల్లలు. సరిగ్గా చూసుకోలేదని వాడు కోప్పడ్డాడు.
- ఒక తండ్రి, కోరుట్ల

మీ వల్ల జరిగిన తప్పేమీ లేదు, ఇంత కాలం కదలకుండా ఉన్న ఏ బండికైనా ఇది జరగవచ్చు. ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్క ఈతలో ఆరు నుంచి పది పిల్లలు పెడుతుంది. మీరు ఒక నెల చూడకపోయినా చాలు. వారానికి ఒకసారి ఎవరితోనైనా 20 నిమిషాలు రోడ్డు మీద నడిపించండి. మనిషి దొరక్కపోతే కవరు తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పించి, వారం వారం బానెట్ ఎత్తి చూడండి. గూడు కనిపించిన రోజు మాత్రం దాన్ని పూర్తిగా తీయించేదాకా స్టార్ట్ చేయవద్దు, ఎండుగడ్డి సైలెన్సర్ గొట్టం వేడికి అంటుకుంటుంది.

వైర్లు సోయాతో చేస్తారా?

కొత్త కార్ల వైర్లు సోయాతో చేస్తారని, అందుకే ఎలుకలు ఇష్టంగా తింటాయని అంటున్నారు. కారు కొనడానికి అప్పు కూడా మంజూరైంది. ఆగిపోవాలా?
- ప్రైవేటు ఉద్యోగి, జగిత్యాల

ఈ ఒక్క మాటకు మీ నిర్ణయం మార్చుకోకండి. అమెరికాలో టయోటా, హోండా కార్ల యజమానులు కొందరు 2016లో ఇదే వాదనతో కోర్టుకు వెళ్లారు కాబట్టి ఆ మాట ప్రపంచమంతా పాకింది. కానీ సోయా అనే మాట రాకముందు నుంచే ఎలుకలు పీవీసీ తీగల్ని, సీసపు గొట్టాల్ని కొరుకుతూ వచ్చాయి. వాటి పళ్లు రాగి కంటే గట్టివి. కొత్త కార్లలో సన్నని వైర్లు ఎక్కువ కాబట్టి ఒక్క కాటుకే ఏదో ఒకటి పనిచేయదు, అంతే తేడా. మిరప ఘాటు కలిపిన టేపును హోండా కంపెనీయే అమ్ముతోంది. కొరికే అవకాశం ఉన్న వైర్లకు అలాంటిది చుట్టించుకోవచ్చు.

ఎవరి మాట నమ్మాలి?

మెకానిక్ కొరికిన చోట నల్లటేపు చుట్టి సరిపోతుందన్నాడు. షోరూంలో వైరింగ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు, ఖర్చు వేలల్లో చెప్పారు. మోసపోతానేమోనని భయంగా ఉంది.
- కిరాణా వ్యాపారి, మెట్‌పల్లి

ఇద్దరిలో ఎవరినీ ఇప్పుడే తప్పుపట్టకండి, ఎన్ని వైర్లు పోయాయో లెక్క చూస్తే తేలిపోతుంది. రెండు మూడు వైర్లే అయితే అదే మందం తీగ వేసి, సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. వట్టి టేపు మాత్రం చాలదు, ఇంజిన్ వేడికి జిగురు కారి ఊడుతుంది. కనెక్టర్ల మొదట్లోనే కొరికినా, చాలా వైర్లు ఒక్కచోటే చితికినా సెట్టు మార్చడమే సబబు. ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే పసుపు వైర్లను బయట అతికించనివ్వకండి. ఫ్యూజు పదే పదే పోతుంటే ఎక్కువ యాంపియర్లది గానీ, రాగి తీగ గానీ పెట్టనివ్వకండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఏసీ, హెడ్‌లైట్ల వైర్లు అన్నీ కొరికేశాయి. ఎలుకల పని అంటే ఇన్సూరెన్స్ వాళ్లు పట్టించుకోరని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
- బ్యాంకు ఉద్యోగిని, మంచిర్యాల

అడగకుండానే ఆశ వదులుకోకండి. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే చాలా కంపెనీలు దీన్ని బయటి నుంచి జరిగిన ప్రమాదంగా చూసి చెల్లిస్తాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయలు, అంతకు మించితే 2000 రూపాయలు మీరు భరించాలి. ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో సగం తరుగు కింద పోతుంది, జీరో డిప్రిసియేషన్ తీసుకుని ఉంటే ఆ కోత ఉండదు. క్లెయిమ్ చేస్తే 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కనుక చిన్న రిపేరుకు మీరే పెట్టుకోవడం లాభం. పెద్ద నష్టమైతే ఏ వైరూ విప్పకముందే కంపెనీకి ఫోన్ చేసి సర్వేయర్‌ను రప్పించండి.

క్లెయిమ్ తిరస్కరించారు

ఇది ఎలుకల పని కాదు, వైరింగ్ లోపమేనని నా క్లెయిమ్ తిరస్కరించారు. రిపేరు డబ్బు చేతి నుంచి పెట్టాను. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేదు.
- సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

కోర్టుకు వెళ్లకుండానే మీకు దారులున్నాయి. ముందు తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. పంటి గాట్ల ఫొటోలు, తీసేసిన పాత వైరు ముక్కలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి. అక్కడ న్యాయం జరగకపోతే బీమా నియంత్రణ సంస్థ వారి 155255 నంబరుకు చెప్పవచ్చు, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలన్నది మాత్రం గుర్తుంచుకోండి.

పాపకు జబ్బు వస్తుందా?

కారు ఏసీ వేస్తే ముక్క వాసన. సీటు కింద ఎలుక పెంటికలు కనిపించాయి. చూడకముందు రెండు రోజులు పాపను అందులోనే తిప్పాం. ఎలుక జ్వరం వస్తుందేమోనని ఏడుపొస్తోంది.
- ఒక తల్లి, ధర్మపురి

పాప బాగానే ఉందంటే ఇప్పుడు చేయాల్సింది బండిని శుభ్రం చేయడం ఒక్కటే. ఎలుక జ్వరం అనే లెప్టోస్పైరోసిస్ క్రిములు తడిలో బతుకుతాయి, ఆరిన చోట త్వరగా చస్తాయి కాబట్టి ఎండిన పెంటికల నుంచి అది సోకడం అరుదు. తలుపులు అరగంట తెరిచి ఉంచి, గ్లవ్స్, మాస్కు వేసుకుని, పెంటికల మీద బ్లీచింగ్ నీళ్లు చల్లి పది నిమిషాల తర్వాత కాగితంతో తీయండి. పొడిగా చీపురుతో ఊడ్వకండి. ఏసీ ఫిల్టరు కొత్తది వేయించండి, వాసన చాలావరకు అక్కడిదే. నాలుగు వారాల లోపు పాపకు గానీ మీకు గానీ జ్వరంతో పాటు పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, కామెర్లు కనిపిస్తే డాక్టరుకు చూపించి ఎలుకల సంగతి తప్పక చెప్పండి.

పొగాకు, కలరా ఉండలు పనిచేస్తాయా?

ఒకరు పొగాకు ఆకులు పెట్టమంటారు, ఒకరు కలరా ఉండలు, ఇంకొకరు కిరోసిన్ చల్లమంటారు. అన్నీ చేశాను. ఎలుకలు మళ్లీ వచ్చాయి. ఇంక దారి లేదా?
- దర్జీ, రాయికల్

దారి ఉంది, మీరు శ్రమపడింది వాసనల మీద కాబట్టి ఫలితం నిలవలేదు. ఘాటు వాసన కొన్నాళ్లు ఎలుకను ఆపుతుంది, ఇంజిన్ వేడికి ఆవిరైపోగానే అది తిరిగొస్తుంది. కిరోసిన్ చల్లడం వెంటనే మానండి, నిప్పు ప్రమాదం, రబ్బరు కూడా ఉబ్బి పాడవుతుంది. ఎండిన పొగాకు ఆకులు కూడా వేడి భాగాల మీద పడితే అంటుకుంటాయి. కలరా ఉండల వాసన పసిపిల్లలకు మంచిది కాదు, సీట్ల దగ్గర పెట్టవద్దు. బండి చుట్టూ నాలుగడుగుల మేర చెత్త, బస్తాలు, కుక్క తిండి గిన్నె లేకుండా చూసి, రాత్రి బానెట్ ఎత్తి ఉంచండి. ఎలుకకు చీకటి లేకపోతే ఆ చోటు నచ్చదు.

ఎలుకల మందు పెట్టవచ్చా?

విసిగిపోయి బానెట్ కింద ఎలుకల మందు పెడదామనుకుంటున్నాను. ఇంట్లో ఇద్దరు చిన్న మనవలున్నారు. మా ఆవిడ వద్దంటోంది.
- రిటైర్డ్ ఉద్యోగి, గొల్లపల్లి

మీ ఆవిడ మాట వినండి, ఆమె భయంలో న్యాయం ఉంది. మందు తిన్న ఎలుక చేయి దూరని సందులో చచ్చిపడితే వారాల తరబడి వాసన భరించాలి. మందు ముక్క బండి కుదుపుకు వాకిట్లో రాలితే పిల్లలకు, కుక్కకు ప్రాణాపాయం. పసుపు భాస్వరం ఉండే పేస్టు మందుకైతే విరుగుడే లేదు, అది ఇంట్లో ఉంచుకోనే వద్దు. బోను పెట్టండి, ఎలుక కొత్త వస్తువును అనుమానిస్తుంది కనుక మొదటి రెండు మూడు రాత్రులు తలుపు మూసుకోకుండా కట్టేసి తిండి మాత్రం ఉంచి, అలవాటయ్యాక బిగించండి. ఎప్పుడైనా పిల్లల నోట్లో మందు పడిందన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి.

చప్పుడు చేసే యంత్రం కొనాలా?

మనకు వినపడని చప్పుడుతో ఎలుకల్ని తరిమే యంత్రం చూశాను. చాలా ఖరీదు. పెట్టించాక కూడా కొరికితే ఎలా?
- ల్యాబ్ టెక్నీషియన్, కరీంనగర్

కొనకపోతే ఏదో కోల్పోతానన్న బెంగ పెట్టుకోకండి. ఆ చప్పుడు మొదట్లో ఎలుకను బెదరగొడుతుంది, కానీ హాని లేదని తెలిశాక అది అలవాటు పడుతుంది. ఇంజిన్ భాగాల చాటున చప్పుడు సరిగ్గా చేరదు కూడా. ఆ డబ్బులో కొంత పెట్టి గాలి పీల్చే గొట్టం, ఏసీ గాలి దారి దగ్గర సన్నని ఇనుప జాలీ వేయించండి; గాలి ఆడేలా, తిరిగే ఫ్యానుకు తగలకుండా నమ్మకమైన మెకానిక్ చేత చేయించండి. పెన్ను పట్టే సందులోంచి చిట్టెలుక దూరుతుందని గుర్తుంటే ఏ సందు మూయాలో మీకే తెలుస్తుంది.

బానెట్‌లో పాము కుబుసం

బానెట్ ఎత్తితే పాము కుబుసం కనిపించింది. పాము లోపలే ఉందేమోనని కారు ముట్టుకోవడం లేదు. మాది అడవి పక్క ఊరు.
- అంగన్‌వాడీ టీచరు, జన్నారం

మీరు ముట్టుకోకపోవడం సరైన పని. ఎలుకల కోసం జెర్రిపోతుల్లాంటి పాములు బండ్లలోకి దూరడం కవ్వాల్ అడవి పక్క ఊళ్లలో వింతేమీ కాదు, చాలాసార్లు కుబుసం వదిలి వెళ్లిపోయి ఉంటాయి. అయినా విషపు పామా కాదా అన్నది కళ్లతో తేల్చుకోవద్దు. బానెట్ తెరిచి ఉంచి దూరంగా ఉండండి, కదలిక కనిపిస్తే అటవీ శాఖ వారినో పాములు పట్టేవారినో పిలవండి. చేయి పెట్టడం, పొగ పెట్టడం, వేడినీళ్లు పోయడం వద్దు. కాటు పడితే మంత్రం, కోత, కట్టు ఏవీ లేకుండా కదలకుండా ఉంచి 108లో ఆసుపత్రికి చేర్చాలి.

పిల్లి పిల్ల ఇరుక్కుంది

చలికాలంలో పొద్దున బండి స్టార్ట్ చేయగానే కీచుమని అరుపు. లోపల పిల్లి పిల్ల. బతికింది కానీ ఇప్పుడు తాళం తిప్పాలంటేనే చేయి వణుకుతోంది.
- డిగ్రీ విద్యార్థిని, ఆదిలాబాద్

పిల్ల బతికింది కదా, మీరు కావాలని చేసింది కాదు. మీ ఆదిలాబాద్ చలికి ఆగిన ఇంజిన్ వెచ్చదనం వెతుక్కుంటూ పిల్లులు ఎక్కుతాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు మూడుసార్లు గట్టిగా తట్టి, ఒకసారి హారన్ కొట్టి, అర నిమిషం ఆగండి. ఈ అలవాటుతో మీ భయం కూడా తగ్గుతుంది. అరుపు వినిపించిన బండిని నడపకుండా ఫ్యాను బెల్టు, పక్కనున్న వైర్లు ఒకసారి చూపించండి.

కుక్కలు బంపరు చీల్చాయి

వీధి కుక్కలు రాత్రి కారు ముందు భాగం కొరికి, చక్రం పైనుండే ప్లాస్టిక్ లాగేశాయి. ఏ పగతో చేశాయో తెలియదు.
- హోటల్ యజమాని, పెద్దపల్లి

కుక్కలకు మీ మీద పగేమీ లేదు, అవి మీ బండిలో దాక్కున్న దాన్ని పట్టబోయాయి. ఎలుకో పిల్లో లోపల దూరితే వాసన పట్టిన కుక్క బంపరును, చక్రం లోపలి ప్లాస్టిక్‌ను చీల్చేస్తుంది. కాబట్టి ప్లాస్టిక్ మార్పించేటప్పుడు దాని వెనకున్న ఫాగ్ లైట్, సెన్సార్ వైర్లు కూడా చూడమనండి. హోటల్ ఎంగిలి బండికి దూరంగా మూత ఉన్న డబ్బాలో పడేస్తే ఎలుక, కుక్క రెండూ తగ్గుతాయి.

గుడి దగ్గర కోతులు

నరసింహస్వామి దర్శనానికి ధర్మపురి వచ్చాం. తిరిగొచ్చేసరికి కోతులు వైపరు పీకేశాయి, అద్దం విరిచాయి. ఇంజిన్ వైర్లు కూడా లాగి ఉంటాయా? ఇంటిదాకా నడపడానికి భయమేసింది.
- ఒక భక్తుడు, నిజామాబాద్

బానెట్ మూసి ఉంటే కోతి ఇంజిన్ దాకా వెళ్లదు, మీరు నిర్భయంగా నడపవచ్చు. అవి పీకేది బయట కనిపించే వైపర్లు, ఏరియల్, రబ్బరు బీడింగు. అద్దంలో తన నీడనే ఇంకో కోతి అనుకుని కొడుతుంది. ఈసారి వచ్చినప్పుడు అద్దాలు మడిచి, కొబ్బరి చిప్పలు, ప్రసాదం కనిపించకుండా డిక్కీలో పెట్టండి. నిర్మల్ జిల్లా చించోలి (బి) దగ్గర 2020 డిసెంబరులో కోతుల పునరావాస కేంద్రం మొదలై సంతాన నియంత్రణ ఆపరేషన్లు చేస్తోంది, కానీ మన జాగ్రత్త మనకు తప్పదు. కోతి గీరినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించాలి.

ఎలక్ట్రిక్ కారు షాక్ కొడుతుందా?

ఎలక్ట్రిక్ కారు కొన్నాను. నారింజ రంగు కేబుల్ పక్కన పెంటికలు కనిపించాయి. ముట్టుకుంటే ప్రాణం పోతుందేమోనని ఇంట్లో ఎవరూ ఎక్కడం లేదు.
- ఇంజినీరు, కరీంనగర్

కారులో కూర్చుంటే ఏమీ కాదు, మీ ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పండి. ఎక్కువ వోల్టేజీ పారే నారింజ కేబుళ్లకు మందపాటి తొడుగు ఉంటుంది, కరెంటు బయటికి కారుతున్నట్టు తెలిస్తే బండే పసిగట్టి హెచ్చరిస్తుంది. వాటిని మీరు గానీ, మామూలు మెకానిక్ గానీ ముట్టుకోవద్దు. గాటు కనిపించినా, హెచ్చరిక వచ్చినా నడపకుండా, చార్జింగ్ పెట్టకుండా కంపెనీ వారిని రప్పించండి. చార్జింగ్ కేబుల్‌ను నేల మీద వదలకుండా గోడకు తగిలించండి, కొరికినట్టుంటే ప్లగ్గులో పెట్టనే వద్దు.

ట్రాక్టర్ వైరు నుంచి మెరుపు

కోతల తర్వాత ఆగిన ట్రాక్టర్‌ను స్టార్ట్ చేస్తే బ్యాటరీ లావు వైరు దగ్గర మెరుపు వచ్చింది. తొడుగు కొరికి ఉంది. దున్నే పని నెత్తి మీద ఉంది, నడపవచ్చా?
- రైతు, పెగడపల్లి

పని తొందర నాకు అర్థమవుతుంది, కానీ ఈ ఒక్క వైరుతో సాహసం చేయకండి. బ్యాటరీ నుంచి స్టార్టర్‌కు వెళ్లే లావు వైరుకు ఫ్యూజు ఉండదు. అది ఇనుముకు తగిలితే ఆపేదేమీ లేక ఎర్రగా కాలి మంట పుడుతుంది. ముందు నెగటివ్ వైరు విప్పండి. ఆ వైరును అతికించకుండా కొత్తది వేయించండి, బజారులో సులువుగా దొరికే వస్తువే కాబట్టి మీ పని ఎక్కువ ఆగదు.

వరదతో వచ్చిన ఎలుకలు

2022 జూలై వరదల్లో మా వాడ దాకా నీళ్లు వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి వానకాలం ఎలుకలు ఇంట్లోకి, బండిలోకి వస్తున్నాయి. ఈ ఏడు ఎలా గడుస్తుందో.
- చిరు వ్యాపారి, లక్షెట్టిపేట

ముందే తెలుసు కాబట్టి ఈసారి మీరు సిద్ధంగా ఉండగలరు. గోదావరి పొంగినప్పుడు ఒడ్డున బొరియలన్నీ మునిగి ఎలుకలు పొడి చోటు వెతుక్కుంటూ ఊళ్లోకి వస్తాయి. వానలు పట్టగానే బండిని మెరక చోటికి మార్చి, రెండు మూడు రోజులకోసారి బానెట్ ఎత్తి టార్చితో చూడండి. పెంటికలు కనిపించిన రోజే బోను పెడితే వైరు దాకా రావు. చక్రాలు మునిగేంత నీటిలో నిలిచిన బండిని మాత్రం చూపించకుండా స్టార్ట్ చేయకండి.

జర్మనీలో కూడా ఇదే గోల

ఇక్కడ చదువుకుంటూ పాత కారు కొన్నాను. ఇంజిన్ వైర్లు ఏదో జంతువు కొరికింది. నాకే ఇలా ఎందుకవుతోందో. అమ్మానాన్నలకు చెప్పలేదు.
- విద్యార్థి, జర్మనీ (స్వస్థలం ధర్మపురి)

నీకొక్కడికే కాదు బాబూ, అక్కడ మార్టెన్ అనే ముంగిస లాంటి జంతువు కొరికిన బండ్లకు ఏటా 2 లక్షలకు పైగా క్లెయిములు వస్తాయి. ఒక మార్టెన్ వాసన ఉన్న బండిని చూస్తే ఇంకొకటి రెచ్చిపోయి కొరుకుతుంది, అందుకే రిపేరుతో పాటు ఇంజిన్ గదిని కడిగించడం అక్కడి వాడుక. నీ పాలసీలో టైల్‌కాస్కో ఉందేమో చూడు, చాలావాటిలో ఇది కలిసే ఉంటుంది. ఇంజిన్ చల్లబరిచే నీటి గొట్టానికి గాటు పడిందేమో చూపించాకే హైవే ఎక్కు. ఇంట్లో కూడా చెప్పు, అమ్మానాన్నలు కంగారు పడేంత నష్టం కాదిది.

చంపితే పాపమా?

ఎలుక వినాయకుడి వాహనం. బోనులో పడ్డదాన్ని చంపడానికి చేయి రాదు. వదిలేస్తే మళ్లీ వైర్లు కొరుకుతుంది. డెబ్బై ఏళ్ల వాణ్ని, ఏం చేయాలో చెప్పండి.
- ఒక పెద్దాయన, ధర్మపురి

మీ మనసు నొచ్చే పని మీరు చేయనక్కర్లేదు, పెద్దయ్యగారూ. చంపడం ఒక్కటే ఎలుకల బెడదను ఆపదు; తిండీ చోటూ అలాగే ఉంటే కొద్ది వారాల్లో కొత్తవి వచ్చి చేరతాయి. బండి దగ్గర గింజ రాలకుండా, గోడ కన్నాలు సిమెంటుతో మూసి, బానెట్ వారానికోసారి తెరిచి చూస్తే అవే వేరే చోటు వెతుక్కుంటాయి. ఇంత చేశాక కూడా రెండు వారాల్లో కొత్త పెంటికలు కనిపిస్తే దగ్గర్లో బొరియ ఉన్నట్టు; అప్పుడు మున్సిపాలిటీ వారికి చెప్పి వాడకట్టు అంతా ఒకేసారి శుభ్రం చేయించండి, ఒక్క ఇంటివారు చేస్తే అవి పక్కింటికి పోయి తిరిగొస్తాయి.